తొమ్మిది తులాల తరుగు

ఆ సోమవారం పొద్దున మౌలా అలీ చేతిలో ఉన్న సరుకు ఇంతే: అడుగున నల్లపొడి, పైన పల్లినూనె ఉన్న ఒక రేకు డబ్బా, మొలతాడుకు కట్టిన తాళంచెవి, ముందురోజు తలనొప్పిలో మిగిలిన కాస్త. ఆ తలనొప్పిని కూడా లెక్కలోంచి తీసేశాడు. నిద్ర లేచేసరికి ఒళ్లు తేలికపడింది. జైనాబీ పెట్టిన జొన్నరొట్టె సగం తినగలిగాడు. మౌలాలి గుట్ట కింది ఇంటి నుంచి సికింద్రాబాదు పొలిమేరలోని ఫ్యాక్టరీ దాకా ఎక్కడా ఆగకుండా నడవగలిగాడు.

నికెల్ గది తాళం తీసి, డబ్బాను తక్కెడలో ఒకవైపు పెట్టి, రెండోవైపు రాళ్లు వేశాడు. ముల్లు రాళ్ల వైపు ఒరిగింది. ఒక తులం రాయి తీశాడు. ఇంకొకటి తీశాడు. ముల్లు మధ్యకు వచ్చి నిలిచేసరికి తీసిన రాళ్లు తొమ్మిదయ్యాయి.

డబ్బా దించాడు. పళ్లేలు తుడిచాడు. తక్కెడ వేలాడే కొక్కేన్ని కదిపి చూశాడు. మళ్లీ తూచాడు. తొమ్మిది తులాలే తక్కువ.

అది లాల్ సేఠ్ వనస్పతి ఫ్యాక్టరీ. పల్లినూనెను పెద్ద ఇనప పాత్రలో కాచి, అందులోకి హైడ్రోజన్ గ్యాస్ పంపి, గడ్డకట్టించి, నెయ్యి డబ్బాలకు ఎత్తుతారు. నూనె, గ్యాస్ వాటంతట అవి కలవవు. మధ్యలో నికెల్ ఉండాలి. ఫ్యాక్టరీలో రసాయనాలు చూసే లూకా, బీయస్సీ చదివిన పాతికేళ్లవాడు, ఈ సంగతి మౌలా అలీకి తను చేరిన కొత్తలోనే చెప్పాడు. "సంబంధం కుదిర్చే మనిషి లెక్క మౌలాభాయి. రెండు వైపులను కలుపుతది. కలిపినంక తను పక్కకు జరుగుతది. ఎంత ఏస్తే అంత మళ్ల మన చేతికి రావాలె."

"సంబంధం కుదిర్చినోడు అన్నం తినకుంట పోతడా సార్?" అని మౌలా అలీ అడిగాడు.

"గా తినేదే తరుగు" అన్నాడు లూకా.

ఆ తరుగును చూసుకోవడమే అయిదేళ్లుగా మౌలా అలీ ఉద్యోగం. బొంబాయి నుంచి వచ్చే పచ్చటి నికెల్ పొడిని ఇనప గొట్టంలో పోసి, కింద పొయ్యి మండించి, లోపలి నుంచి హైడ్రోజన్ పంపితే అది నల్లపొడి అవుతుంది. మిగిలిన గ్యాస్ గొట్టం చివరి అతుకుల్లో కాస్త కారి, మిగతాది కప్పు మీది గొట్టంలోంచి బయటికి పోతుంది. నాలుగు సేర్ల పచ్చపొడికి రెండున్నర సేర్ల నల్లపొడి రావాలి. వేడి మీద గాలి తగిలితే నల్లపొడి దానంతట అదే అంటుకుంటుంది. అందుకని పొయ్యి ఆర్పాక కూడా అతను గ్యాస్ ఆపడు. గొట్టం మీద అరచెయ్యి పెట్టి, కల్మా చదివేంతసేపు తియ్యకుండా ఉంచగలిగితే చల్లారినట్టు. అప్పటిదాకా గ్యాస్ నడవాల్సిందే. ఆ తరువాతే గొట్టం విప్పి, పొడిని నూనె డబ్బాలోకి జారుస్తాడు. ఈ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు. అతనికి ముందు పనిచేసినవాడి చేతిలో ప్రతిసారీ పది తులాలు మండిపోయేవి. మౌలా అలీ చేతిలో ఏనాడూ రెండు తులాలు దాటలేదు.

నిప్పు సంగతి అతనికి పుట్టుకతో తెలుసు. తాత, తండ్రి కళాయి పోసేవాళ్లు. అతను కూడా ఇరవై ఏళ్లు భుజాన తోలుతిత్తి వేసుకుని మారేడ్‌పల్లి నుంచి కాప్రా దాకా వీధి వీధి తిరిగాడు. వాకిట్లో గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, ఇత్తడి గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం పుల్ల తాకించి, దూదితో గిరగిరా తిప్పితే లోపలంతా వెన్నెల పరుచుకునేది. ఎంత బాగా పోసినా ఆర్నెల్లు. తరువాత కళాయి పోతుంది, ఇంటావిడ మళ్లీ పిలుస్తుంది. ఆర్నెల్లకు పోవడమే ఆ వ్యాపారానికి బలం.

ఆ వ్యాపారంలో ఒకటే బాధ. అతను పని చేసినంతసేపూ ఆ ఇంటివాళ్లు ఎవరో ఒకరు గడప మీద కూర్చుని చూస్తుండేవాళ్లు. గిన్నె మారుస్తాడేమో, అంచు కోసుకుంటాడేమో అని. ఇరవై ఏళ్లలో అతన్ని తిట్టినవాళ్లు లేరు, కనిపెట్టకుండా వదిలినవాళ్లూ లేరు. తరువాత ప్రపంచ యుద్ధం వచ్చి తగరం దొరకలేదు, ఇళ్లల్లోకి అల్యూమినియం గిన్నెలు వచ్చాయి. తిత్తి అటక ఎక్కింది. ఫ్యాక్టరీలో చేరిన మూడో ఏట సేఠ్ నికెల్ గది తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. ఆ రాత్రి దాన్ని జైనాబీకి చూపించి, "నా ఎదురుంగ ఇంక ఎవ్వలు కూసోరు" అన్నాడు.

ఇప్పుడు తక్కెడ ముందు నిలబడి ఆ తాళంచెవినే తడుముకున్నాడు. ఇబ్బంది ఎక్కడుందో అతనికి వెంటనే తెలిసింది. నిన్న సాయంత్రం పొడి తూచకుండానే గది మూసి ఇంటికి వెళ్లిపోయాడు. రాత్రంతా డబ్బా గదిలో ఉంది, తాళంచెవి అతని మొలతాడుకు ఉంది.

తూచకపోవడానికి కారణం ఉంది. ఇండియన్ యూనియన్ వాళ్లు హైదరాబాద్ రాజ్యానికి దారులన్నీ మూసేసి నెలలు గడిచాయి. బొంబాయి నుంచి పచ్చపొడి రావడం లేదు, హైడ్రోజన్ సిలిండర్లు రావడం లేదు. మిగిలిన హైడ్రోజన్‌ను నూనెకే దాచి, పొడి కాల్చడానికి ఇంకో గ్యాస్ వాడదామని లూకా ఉపాయం చెప్పాడు. మండే బొగ్గుల మీద నీటి ఆవిరి పంపితే ఒక గ్యాస్ వస్తుంది, అందులో సగం హైడ్రోజనే. బొగ్గులు ఊళ్లోనే దొరుకుతాయి. సేఠ్ సంతోషించాడు. ఆదివారం మొదటిసారి ఆ గ్యాస్‌తో నాలుగు సేర్లు కాల్చారు. మౌలా అలీ ఎప్పటిలాగే పొయ్యి ఆర్పాక కూడా గ్యాస్ నడిపించాడు. చెయ్యి నిలిచేసరికి రెండు గంటలు పట్టింది. విమానాలు వస్తాయని కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉన్నందున, పట్టపగలే గొట్టం చివర లాంతరు వేలాడదీసుకున్నాడు. ఆ లాంతరు ఎన్నడూ లేనిది తెల్లగా, ప్రకాశంగా వెలిగింది. ఈసారి దుకాణంవాడు కిరసనాయిల్లో కల్తీ చెయ్యలేదు కాబోలు అనుకున్నాడు. వాన పడ్డ పాత ఇటుకల వాసన ఒకటి గదిలో తిరిగింది. ఆ తరువాత తల పగిలిపోయింది. గేటు దగ్గర రెండుసార్లు వాంతి చేసుకుంటే చౌకీదారు పర్వతాలు నీళ్లిచ్చి ఇంటికి పంపాడు.

తొమ్మిది తులాల సంగతి తనే వెళ్లి సేఠ్‌కు చెప్పాడు. దాచడం అతనికి చేతకాదు.

లాల్ సేఠ్ అరిచే మనిషి కాదు. ఆ రోజు అతనికి వేరే తలనొప్పులున్నాయి. యూనియన్ పటాలాలు తెల్లవారుజామున సరిహద్దు దాటాయని కబురు వచ్చింది, బజారు మూసేశారు, కూలీలు సగం మంది రాలేదు. అయినా చేతిలోని కాగితం పక్కన పెట్టి మొత్తం విన్నాడు.

"మౌలా, నీ మీద నాకు శక్ లేదు. తక్కెడ మీద సుత లేదు. మరి తొమ్మిది తులాలు దానంతట అది నడిసిపోయిందా?"

"గొట్టంల అంటుకున్నదేమో సేఠ్‌జీ. గీకి చూస్త."

"గీకు. సైకిళ్లకు మెరుగు పెట్టేటోళ్లు నికెల్‌ను ఇయ్యాల కండ్లకద్దుకొని తీసుకుంటరు. నీకు ఎరికే. పొద్దుమూకే లోపట లెక్క తేలాలె. అందాక తాళంచెవి నా తాన పెట్టు. తేలకపోతే అది పర్వతాలుకు పోతది. పని ఉంటది, కూలి ఉంటది. తాళంచెవి ఉండది."

మౌలా అలీ తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇది సరైన మాట. సేఠ్ స్థానంలో తనున్నా ఇదే అనేవాడు.

గడప దగ్గర పర్వతాలు నిలబడి ఉన్నాడు. ఇబ్బందిగా నవ్వాడు. "సేఠ్ చూడుమన్నడు మౌలన్నా. మనసుల వెట్టుకోకు."

మౌలా అలీ చేతులు పైకెత్తాడు. పర్వతాలు జేబులు చూశాడు, రొట్టెల మూట విప్పాడు, రుమాలు తీసి దులిపాడు. "నీ రుమాల్ల తొమ్మిది తులాల పేన్లు దొరుకుతయేమో గని నికెల్ దొరకది" అన్నాడు. ఇద్దరూ నవ్వబోయారు. మౌలా అలీకి నవ్వుకు బదులు పొడి దగ్గు వచ్చింది.

నల్లపొడిని పెద్ద పాత్రలో కలిపి నూనె కాచడం షురూ చేశారు. మౌలా అలీ మాత్రం చల్లారిన గొట్టంలోకి చువ్వ దూర్చి గీకుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి అర తులం రాలింది. ఇంకా ఎనిమిదిన్నర తేలాలి. నేల ఊడ్చి జల్లెడ పట్టాడు. ఏమీ లేదు. పొగగొట్టం చూద్దామని నిచ్చెన ఎక్కాడు. నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చి, అక్కడే మెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. రొమ్ము మీద ఎవరో బిగించి గుడ్డ కట్టినట్టుంది. పరేషాన్‌లో ఊపిరి కూడా సరిగా ఆడదనుకున్నాడు. దిగి వచ్చాడు.

మూడు గంటలకు లూకా పరుగెత్తుకొచ్చాడు. చేతిలో సత్తు పళ్లెం, దాని మీద తెల్లటి చుక్క. "గట్టిపడ్డది మౌలాభాయి. హైడ్రోజన్‌తోని కాల్చిన పొడికి ఇది జెర గూడ తక్కువ లేదు. బొగ్గు గ్యాస్‌తోని పని అయింది."

మౌలా అలీ ఆ చుక్కను వేలితో నొక్కి చూశాడు. మంచి గడ్డ. "పని చేసింది సరే సార్. తక్కువ పడ్డది ఎటు పోయింది?"

లూకా సంతోషం దిగిపోయింది. కుర్రవాడే కాని చెడ్డవాడు కాదు. "గొట్టం లోపట నేను సుత చూస్త. లాంతరు ముట్టియ్" అన్నాడు.

మౌలా అలీ లాంతరు వెలిగించాడు. గదిలోకి వెలుగు రాలేదు. వత్తి మండుతోంది, చిమ్నీ పై అంచున ఎర్రటి వెలుతురు ఆడుతోంది. గాజులోంచి మాత్రం ఏమీ రావడం లేదు.

"మసి పట్టింది. తుడవక ఎన్ని దినాలైంది?" అన్నాడు లూకా.

రోజూ పొద్దున బూడిదతో తుడిచేవాడు. ఈ పొద్దున తక్కెడ దగ్గరే ఆగిపోయాడు. దీపం ఆర్పి, రుమాలుతో చిమ్నీని ఊడదీశాడు. గోనెపట్టా తొలగించి కిటికీ దగ్గర నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తిప్పుతూ ఆగిపోయాడు. గాజు లోపల, వంకరగా, చిన్నగా, అతని గడ్డం కనబడుతోంది.

చూపుడువేలు లోపలికి పోనిచ్చి రాశాడు. వేలికి నలుపు అంటలేదు. గోరుతో గీశాడు. సన్నటి గీత పడింది, గీతలోంచి వెలుగు వచ్చింది.

"ఇది మసి కాదు సార్" అన్నాడు. "కళాయి."

"గాజుకు కళాయి ఏందీ?"

"నాకేం ఎరిక. ఇరవై ఏండ్లు పోసిన. మసి ఏదో, కళాయి ఏదో చీకట్ల సుత చెప్త. దీనికి ఎవ్వలో కళాయి పోసిండ్రు. శనివారం లేదు. నిన్న నేను లాంతరు పెట్టినంక పట్టింది."

లూకా చిమ్నీని తీసుకుని చాలాసేపు చూశాడు. తరువాత సైకిలెక్కి మారేడ్‌పల్లిలోని తన గదికి వెళ్లాడు. అరగంటకు తిరిగొచ్చాడు. చంకలో అట్ట ఊడిన కాలేజీ పుస్తకం ఉంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

సేఠ్ బల్ల మీద చిమ్నీ పెట్టారు. లూకా పుస్తకం తెరిచి, ఒక పేరా మీద వేలు పెట్టి, తెలుగులో చెప్పాడు. బొగ్గు గ్యాస్‌లో హైడ్రోజన్ కాక మిగతా సగం ఇంకో గ్యాస్ ఉంటుంది. మంటలో ఉన్నంతసేపు అది నికెల్‌ను ఏమీ చెయ్యదు. చల్లారుతున్నప్పుడు, చెయ్యి పెట్టగలిగే వేడికి కొంచెం ముందు, నికెల్‌ను పట్టుకుని తనతోపాటు గాలిలో లేపుకుపోతుంది. రంగు ఉండదు, కంటికి కనబడదు. దారిలో వేడి గాజు తగిలితే నికెల్‌ను అక్కడ దించేసి వెళ్తుంది. "పొయ్యి ఆర్పంగనే గ్యాస్ బంద్ చేస్తే ఇది కాకపోవు సేఠ్‌జీ. హైడ్రోజన్‌తోని చేసినట్టే చేసినం. చెయ్యి నిలిచేదాక నడిపినం. గాడనే పోయింది."

లాల్ సేఠ్ చిమ్నీని ఎత్తి వెలుతురుకు పట్టాడు. గోరుతో గీశాడు. బల్ల మీద మెల్లగా తట్టి చప్పుడు విన్నాడు. సరుకును నమ్మే ముందు అతను చేసే పనులన్నీ చేశాడు. తరువాత సొరుగులోంచి తాళంచెవి తీశాడు. బల్ల మీద మౌలా అలీ వైపు జరిపాడు.

"ఒప్పుకున్న" అన్నాడు. "నీ తక్కెడ సచ్చా, నువ్వు సచ్చా. అబద్ధం లేదు."

మౌలా అలీ తాళంచెవిని అక్కడే నిలబడి మొలతాడుకు కట్టుకున్నాడు. పర్వతాలు గడప దగ్గర నుంచి చూస్తున్నాడు. అతను చూడాలనే మౌలా అలీ ముడి రెండోసారి వేశాడు.

ఆ పేరాలో ఆఖరి వాక్యం లూకా సేఠ్‌కు చదవలేదు. గేటు దాటాక సైకిల్ నడిపిస్తూ మౌలా అలీ పక్కన నడిచాడు.

"మౌలాభాయి, నిన్న తల నొచ్చిందన్నవు. వాంతి అయిందన్నవు."

"అయింది. పొద్దుగాలకు పోయింది. ఇయ్యాల పానం మంచిగున్నది."

"గట్లనే ఉంటదట. ఒక దినం మంచిగుంటదట." లూకా సైకిల్ ఆపాడు. "గా గ్యాస్ విషం. పీల్చిన దినం ఉత్త తలనొప్పే అనుకుంటం. తెల్లారినంక రొమ్ము పట్టుకుంటది. నడువు, దవాఖానకు పోదాం."

మౌలా అలీ అతని మొహం చూశాడు. ఇటువంటి మొహం ఇదివరకు చూశాడు, ఎవరింటిదో వేడి గిన్నె చెయ్యి జారి సొట్టపడినప్పుడు తన తండ్రికి. "నువ్వు తెలిసి చేసినవా సార్? గ్యాస్ నువ్వు తెచ్చినవు, నడిపింది నేను. నా చేతి అలవాటు. పో, ఇంటికి పో. రోడ్ల మీద మంచిగ లేదు. రేపు చూద్దాం." దగ్గి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. "అయినా దొరికింది గద సార్. గది ముఖ్యం."

ఆ సాయంత్రం అతను గుట్ట దాకా మెల్లగా నడిచాడు. దారిలో మూడుచోట్ల కూర్చున్నాడు. జైనాబీ వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఏందయ్యా, గింత పొద్దు వొయినంక? ఊరంత బందయింది. కాప్రా నుంచి మన బానో సుత కబురు పంపింది, అబ్బా ఇల్లు చేరిండా అని."

"చేరిన గద." అరుగు మీద కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాడు. "జైనాబీ, గాజుకు కళాయి పట్టుడు ఎన్నడన్న విన్నవా?"

"నీకు జరమొచ్చింది" అని ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టింది. వచ్చింది నిజమే.

మంగళవారం తెల్లవారకముందే లూకా ఎక్కడి నుంచో జట్కా సంపాదించి తెచ్చాడు. దవాఖానలో డాక్టరు పుస్తకంలోని పేరా చదివి, లూకా వైపు చూసి, పుస్తకం మూసి ఇచ్చేశాడు. చెయ్యగలిగింది చేశారు. బుధవారం, గురువారం మౌలా అలీ దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు, పడుకుంటే ఊపిరి అందలేదు. పెదవులు నీలమయ్యాయి. ఒకసారి కొత్త చిమ్నీ తెప్పించారా అని అడిగాడు. శుక్రవారం సాయంత్రం యూనియన్‌తో యుద్ధం ముగిసిందని రేడియోలో చెబుతున్నారంటే వార్డులో నడవగలిగినవాళ్లంతా కాంపౌండరు గదికి వెళ్లారు. జైనాబీ వెళ్లలేదు. వాళ్లు మాట్లాడుకుంటూ తిరిగొచ్చేసరికి ఆమె అతని మొలతాడు నుంచి తాళంచెవి ముడి విప్పుతోంది. ముడి రెండుసార్లు వేసి ఉండడం వల్ల ఆలస్యమవుతోంది.

మర్నాడు యూనియన్ మిలటరీ బండ్లు సికింద్రాబాదులోకి వచ్చాయి. నెల తిరగకుండా దారులు తెరుచుకున్నాయి. బొంబాయి నుంచి హైడ్రోజన్ వచ్చింది, పచ్చపొడి వచ్చింది. బొగ్గు గ్యాస్ అవసరం తీరిపోయింది. తాళంచెవి పర్వతాలుకు వెళ్లింది. అతని చేతిలో తరుగు నాలుగు తులాల దాకా వస్తోంది, సేఠ్ ఏమీ అనడం లేదు.

ఇక లెక్క ఇదీ. తొమ్మిది తులాల్లో అర తులం గొట్టంలో దొరికింది. చిమ్నీకి పట్టింది గురిగింజ ఎత్తు ఉంటే ఎక్కువ. మిగిలిందంతా కప్పు మీది గొట్టంలోంచి ఆకాశంలోకి పోయింది, మౌలా అలీ పీల్చుకున్నది తప్ప. అది ఎంతో తూచే తక్కెడ లేదు.

మౌలా అలీ పోయిన నలభై రోజుల ఫాతెహా ముగిశాక లూకా మౌలాలికి వచ్చాడు. సంచిలోంచి గుడ్డ చుట్టిన చిమ్నీ తీసి జైనాబీ ముందు పెట్టాడు.

ఆమె దాన్ని మొగుడు పట్టుకున్నట్టే వెలుతురుకు పట్టి తిప్పింది. ఇరవై ఏళ్లు అతని కళాయి గిన్నెలను బూడిదతో రుద్ది మెరుగుపెట్టిన చెయ్యి అది.

"ఇది మా ఆయన చేతిది కాదు సారూ" అన్నది. "దూది తిప్పిన గీతలు ఉంటయి ఆయన పనికి. దీంట్ల ఒక్క గీత లేదు. చెయ్యి తగలని కళాయి ఇది."

"రెండు గీతలున్నయమ్మా. ఒకటి సేఠ్ గోరుది, ఒకటి ఆయనది."

"ఏది ఆయనది?"

లూకా చూపించాడు. ఆమె ఆ సన్నటి గీతకు కన్ను ఆనించి, అందులోంచి వాకిట్లోకి చూసింది. తరువాత చిమ్నీని తిత్తి ఉన్న అటక కింది గూట్లో నిలబెట్టింది. దీపానికి పనికిరాదని తెలుసు. అయినా శుక్రవారం శుక్రవారం తీసి, లోపలికి వేలు పోకుండా, పైపైన తుడిచి పెడుతుంది. ఎంత మంచి కళాయి అయినా ఆర్నెల్లకు పోవాలి. చలి వెళ్లింది, ఎండలు వచ్చాయి, ఆర్నెల్లు దాటాయి. గూట్లో చిమ్నీ లోపలి తెలుపు అట్లాగే ఉంది.